మడమల గరుకు, కాయలు ఇంట్లోనే తగ్గించుకోవడం ఎలా? షుగర్ ఉన్న అమ్మకూ అదే పద్ధతి పనికొస్తుందా?

మీరు అడిగింది ఇదీ: వయసు నలభై దాటింది, స్కూల్లో టీచరు, రోజంతా నిలబడే పని. మడమల చుట్టూ చర్మం మందంగా, గరుకుగా తయారై చీర అంచుకు తగిలి దారాలు లాగుతోంది. బొటనవేలి కింద ఒక కాయ కాసింది. పార్లరులో బ్లేడుతో గీకించుకుంటే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఆన్‌లైన్‌లో కనబడుతున్న, మడమలు అరగదీసే కరెంటు మిషను కొనాలా, ఇంట్లో ఇంకేమైనా చేసుకోవచ్చా, షుగర్ ఉన్న మీ అమ్మగారికి కూడా అదే చేయొచ్చా అని.

నేను వరంగల్‌లో షుగర్ పేషెంట్ల పాదాలు చూసే క్లినిక్‌లో నర్సుని. కాయలు చెక్కడం, పుండ్లకు కట్లు కట్టడం, చెప్పులకు కొలతలు తీయడం నా రోజువారీ పని. అందుకే మీ ప్రశ్నలో చివరి వాక్యం దగ్గర నా కన్ను ఆగిపోయింది. దాని గురించే ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

ముందు సూటిగా సమాధానం. మీ పాదాలకు ఇంట్లో చేసుకోవచ్చు, బ్లేడు మాత్రం వద్దు. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, తడి మీదే ప్యూమిస్ రాయితో తేలిగ్గా రుద్ది, తుడుచుకున్న వెంటనే యూరియా ఉన్న క్రీము రాయండి. రాయి వారానికి రెండుసార్లు చాలు, క్రీము మాత్రం రోజూ ఉండాలి. మూడు నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది. మీ అమ్మగారికి మాత్రం నానబెట్టడం, రాయితో రుద్దడం, కార్న్ క్యాప్ (కాయల మీద వేసే మందు పట్టీ) అంటించడం ఏదీ చేయొద్దు. ఆమెకు క్రీము రాయొచ్చు, అది కూడా వేళ్ల సందుల్లో కాదు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను.

అరికాలి చర్మంలో చెమట గ్రంథులు బోలెడు ఉంటాయి కానీ నూనె గ్రంథులు ఉండవు. ముఖం, తల తమకు కావలసిన జిడ్డు తామే తయారు చేసుకుంటాయి. మడమకు ఆ వసతి లేదు, మనం పైన రాసిందే దానికి జిడ్డు. దానికి తోడు ఒంట్లో పైపొర అన్నిటికంటే మందంగా ఉండేది అరికాళ్లలోనే. ఆ పొరలో తేమ తగ్గితే సాగే గుణం పోతుంది. అడుగు వేసిన ప్రతిసారీ బరువుకు మడమ పక్కలకు విచ్చుకుంటుంది కదా, సాగలేని చర్మం అప్పుడు చిట్లుతుంది. పగులంటే అదే. వెనక పట్టీ లేని చెప్పులు వేసుకునేవాళ్లకు ఇది ఎక్కువ, ఎందుకంటే మడమను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఇంట్లో టైల్స్ మీదో గ్రానైట్ మీదో ఉత్త కాళ్లతో గంటలు గంటలు నిలబడి వంట చేసేవాళ్లకూ అంతే.

కాయ సంగతి వేరు. ఒత్తిడి, రాపిడి పడ్డ చోట చర్మం తనను తాను కాపాడుకోవడానికి మందం పెంచుకుంటుంది. అది రోగం కాదు. పార్లరులో గీకించాక మళ్లీ వచ్చిందన్నారు, రాక ఏం చేస్తుంది? మీ నడక అదే, చెప్పులు అవే, నిలబడే గంటలు అవే. పైగా బ్లేడుతో మొత్తం తీసేస్తే కింద ఉన్న లేత చర్మం మీద నేరుగా బరువు పడి నడుస్తుంటే మంట పుడుతుంది. కాబట్టి మడమను పసిపాప పాదంలా చేయాలన్న ఆశ వదిలేయండి. గరుకు తగ్గాలి, పగుళ్లు పూడాలి, నొప్పి ఉండకూడదు. పలచగా కొంత మందం మిగలనివ్వాలి, అది మీకు కావాలి.

మరి మీరు క్లినిక్‌లో బ్లేడు వాడరా అని అడుగుతారు. వాడతాం. స్టెరైల్ చేసిన సర్జికల్ బ్లేడు, మంచి వెలుతురు, పేషెంటు కాలు మా కళ్లకు ఎదురుగా, ఒక చేత్తో చర్మాన్ని బిగబట్టి పొర వెంబడి పొర తీస్తాం. ఎక్కడ ఆగాలో రంగును బట్టి, మెత్తదనాన్ని బట్టి తెలుస్తుంది. స్నానాల గదిలో పీట మీద కూర్చుని, మెడ వంచి, నాని తెల్లబడిన మడమ మీద షేవింగ్ బ్లేడు ఆడించేవాళ్లకు ఆ ఆగే చోటు కనబడదు. నానిన చర్మంలో చచ్చిన పొర ఎక్కడిదాకా, బతికున్నది ఎక్కడినుంచో మాకే తెలియడం కష్టం.

నీళ్లు. గోరువెచ్చగా చాలు, వేడి వద్దు. పది నిమిషాలకు మించితే చర్మం నాని వాచి, తర్వాత ఇంకా ఎక్కువగా ఎండిపోతుంది. కావాలంటే కాస్త షాంపూ వేయండి. గుప్పెళ్లకొద్దీ ఉప్పు, వంటసోడా, నిమ్మరసం, డెట్టాల్ అక్కర్లేదు. పగుళ్లు ఉంటే నిమ్మరసం, సోడా మంట పెట్టడం తప్ప చేసే మేలు తక్కువ. విడిగా టబ్బు పెట్టుకునే ఓపిక లేకపోతే స్నానం చివర్లో, కాళ్లు ఎలాగూ నాని ఉంటాయి కాబట్టి, అప్పుడే రాయి పట్టుకోండి. పనిచేసే ఆడవాళ్లకు నేను ఇదే చెప్తాను. టబ్బుల కార్యక్రమం రెండు ఆదివారాలు జరిగి మూడో ఆదివారం ఆగిపోతుంది.

రాయి. అగ్నిపర్వతం లావా గట్టిపడితే వచ్చే బోలు రాయి ప్యూమిస్. మెడికల్ షాపుల్లో, ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. రాయిని కూడా తడిపి, ఒకే వైపుకి, పెద్దగా నొక్కకుండా రుద్దండి. ఒక్కో మడమకు రెండు మూడు నిమిషాలు చాలు. చర్మం గులాబీ రంగుకు తిరిగినా, చురుక్కుమన్నా ఆపేయాలి. మొత్తం ఒకే రోజు తీసేయాలన్న పట్టుదల వద్దు. చాలా ఇళ్లలో ఇటుక ముక్కతో, బావి గట్టు బండతో రుద్దుకునే అలవాటు ఉంది. ఇటుక అంచులు గీరుకుంటాయి, దాని పొడి పగుళ్లలో దిగుతుంది. రాయి దొరక్కపోతే ఎండిన బీరపీచు నయం, నెమ్మదైనా ప్రమాదం తక్కువ. కొబ్బరి కోరాములా పళ్లున్న స్టీలు పట్టీలు అమ్ముతున్నారు చూడండి, అవి మాత్రం కొనకండి. తీయడం మొదలుపెట్టాక ఎంత లోతు పోయిందో తెలియదు.

రాయి ఎవరిది వాళ్లకే ఉండాలి. పాదాల ఫంగస్, పులిపిరుల వైరస్ ఒకరి నుంచి ఒకరికి ఇలాంటి వాటితోనే అంటుకుంటాయి. వాడాక కడిగి ఎండలో పెట్టండి. తడిగా సబ్బుపెట్టె పక్కన పడేసిన రాయిలో చచ్చిన చర్మం చేరి కుళ్లుతుంది. నున్నగా అరిగిపోయినా, వాసన వస్తున్నా మార్చేయండి.

కరెంటు మిషను. కొనొచ్చు, తప్పనిసరి కాదు. వీటిలో చాలావరకు పొడి చర్మం మీద వాడాల్సినవి, పెట్టె మీద ఏం రాశారో చూడండి. రోలరు ఒకే చోట ఆనించి ఉంచకూడదు, కొన్ని సెకన్లకోసారి జరుపుతూ ఉండాలి. రాయితో అయితే చెయ్యి నొప్పి పుట్టి మీరే ఆగుతారు, మిషనుకు ఆ నొప్పి లేదు. అందుకే దీంతో ఎక్కువ తీసేసుకుని వచ్చేవాళ్లు కనబడతారు. ఆ డబ్బుతో నాలుగు ట్యూబుల మంచి క్రీము కొనుక్కోండి అనేది నా సలహా.

ఎందుకంటే అసలు పని చేసేది క్రీమే. మనవాళ్లు రాయి మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా క్రీము మీద పెట్టరు. ట్యూబు మీద యూరియా శాతం చదవండి. 10 శాతం ఉంటే తేమ పట్టి ఉంచుతుంది. 20, 25 శాతం దగ్గర అది మందమైన పొరను మెత్తబరిచి ఊడేలా కూడా చేస్తుంది. మీ మడమలకు 20 నుంచి 25 మధ్య ఉన్నది సరిపోతుంది. లాక్టిక్ యాసిడ్ 12 శాతం ఉన్న లోషన్లు కూడా ఇదే కోవలోవి. 40 శాతం యూరియా, 6 శాతం పైన శాలిసిలిక్ యాసిడ్ ఉన్నవి డాక్టరు చెప్తే, ఆ మందమైన చోటు వరకే. తెరుచుకున్న పగులు మీద ఇవన్నీ చురచుర మండుతాయి. ముందు వాజలీన్‌తో పగులు పూడనిచ్చి తర్వాత మొదలుపెట్టండి.

ఎంత రాయాలన్నది ఎవరూ చెప్పరు. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. ఒక పాదం పైనా కిందా మొత్తానికి అలాంటివి రెండు కావాలి. అంటే రెండు పాదాలకు రోజుకు సుమారు 2 గ్రాములు, 30 గ్రాముల ట్యూబు పదిహేను రోజులు. "క్రీము వాడాను మేడం, పనిచేయలేదు" అని వచ్చినవాళ్లను ట్యూబు ఎన్నాళ్లొచ్చిందని అడిగితే మూడు నెలలంటారు! మడమ మీద చుక్క బొట్టు పెట్టి వదిలేస్తే అది ఏం చేస్తుంది పాపం. అరికాలు వరకే రాసుకుంటే ఇందులో సగం చాలు.

తుడుచుకున్నాక రెండు మూడు నిమిషాల్లో, చర్మంలో ఇంకా చెమ్మ ఉండగానే రాయాలి. రాత్రి పూట దాని మీద పలచగా వాజలీన్, పైన నూలు సాక్సులు. కొబ్బరి నూనె, ఆముదం, నువ్వుల నూనె కూడా తేమను పట్టి ఉంచుతాయి, ఖర్చు తక్కువ కాబట్టి పేద పేషెంట్లకు అవే చెప్తాం. కాకపోతే మందంగా పేరుకున్న పొరను అవి కరిగించలేవు. ఇంకో మాట: నూనె రాసిన కాళ్లతో టైల్స్ మీద నడవకండి. పాదాలు నున్నబడకముందే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకు.

పగులు లోతుగా ఉండి రక్తం వస్తుంటే రాయి పూర్తిగా మానేయాలి. సబ్బుతో కడిగి, వాజలీన్ నింపి, పగులు అంచులు దగ్గరకు వచ్చేలా పేపర్ టేపు అడ్డంగా అంటించి సాక్సులు వేసుకోండి. ఫెవిక్విక్ పోసి అతికించుకునేవాళ్లు ఉన్నారు, నిజంగానే. గాయాలు అతికించే మెడికల్ జిగురు వేరు, అది డాక్టరు వాడతారు. కుర్చీలు అతికించే జిగురు లోపల మురికిని కూడా మూసిపెట్టేస్తుంది.

మన ఊళ్ల వైద్యాల్లో రెండింటిని మాత్రం గట్టిగా వద్దంటాను. ఒకటి నల్లజీడి. గింజను కాల్చి, కారే నూనెను పగుళ్లలో పెట్టడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఆ రసం చర్మాన్ని కాలుస్తుంది, కొందరికి కాలంతా బొబ్బలెక్కి రసి కారుతుంది. రెండోది జిల్లేడు పాలు. అది కూడా పుండు చేస్తుంది, ఆ చేత్తోనే కన్ను నులుముకుంటే చూపుకే ముప్పు. కరిగించిన మైనం వేడిగా పోసుకోవడం కూడా ఇదే జాబితాలో చేర్చండి. పసుపు, వేపాకు నూరి పట్టించేవాళ్లను నేను ఆపను. పెద్దగా ఉపయోగం చూడలేదు, హాని కూడా చూడలేదు. పైన క్రీము మానకపోతే చాలు.

ఇప్పుడు ఒక అడుగు వెనక్కి. మీది మామూలు గరుకేనా? ఫోటో లేకుండా నేను తేల్చలేను కానీ మీరే కొంత చూసుకోవచ్చు. అరికాలంతా, ముఖ్యంగా చర్మం గీతల్లో, సన్నని తెల్లటి పొట్టు పిండి చల్లినట్టు ఉండి, ఒక కాలికి ఎక్కువగా ఉన్నా, గోళ్లు పసుపు రంగుకు తిరిగి మందమైనా, వేళ్ల సందులు నాని తెల్లబడినా అది ఫంగస్ కావచ్చు. రెండు కాళ్లకూ ఒకే చేతికీ ఉందంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అప్పుడు ఎంత రుద్దినా తగ్గదు, యాంటీఫంగల్ మందు వాడాలి. చర్మం డాక్టరు కాస్త పొట్టు గీకి మైక్రోస్కోపులో చూసి చెప్పేస్తారు. మెడికల్ షాపువాళ్లు ఇచ్చే క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ కలిపిన కలగూర క్రీములు రాసుకోకండి. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతుంది.

ఎర్రటి అంచుతో, మందమైన పొలుసులతో, మోచేతుల దగ్గర, తలలో కూడా ఉంటే సోరియాసిస్ కావచ్చు. దానికి రాయి శత్రువు, రుద్దిన కొద్దీ పెరుగుతుంది. చిన్న గుండ్రటి గట్టి మచ్చను రెండు వేళ్లతో పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే ఎక్కువ నొప్పి పుట్టి, పైన నల్లటి చుక్కలు కనబడితే పులిపిరి. పైనుంచి నేరుగా నొక్కితే ముల్లులా గుచ్చుకుంటే ఆనెకాయ. ఇది బిగుతు చెప్పుల వల్ల వేళ్ల మీద, వేళ్ల మధ్య ఎక్కువగా వస్తుంది. కార్న్ క్యాప్‌లలో సాధారణంగా 40 శాతం శాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. షుగర్ లేనివాళ్లు ఆనె సైజుకే కత్తిరించి వాడుకోవచ్చు, చుట్టూ ఉన్న మంచి చర్మానికి తగిలితే అదీ తెల్లబడి ఊడుతుంది. బిగుతు చెప్పులు మార్చకుండా క్యాపులు మారుస్తూ పోతే లాభం లేదు.

మీ వయసు నలభై దాటిందన్నారు కాబట్టి ఇంకొకటి. నెలసరి ఆగిపోయే కాలంలో కొందరు ఆడవాళ్లకు మడమల అంచులు ప్రత్యేకంగా మందమవుతాయి, బరువు ఎక్కువుంటే ఇంకా. ఒళ్లంతా పొడిబారి, నీరసం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం కూడా ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. అలాగే మీ అమ్మగారికి షుగర్ ఉందంటే మీకూ వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ, పరగడుపు షుగర్ కూడా అందులోనే చూపించేసుకోండి.

కాయ ఎక్కడ కాసిందన్నది కూడా కథ చెప్తుంది. మా దగ్గరికి బీడీలు చుట్టే ఒకావిడ వచ్చేది. రెండు కాళ్లకూ చీలమండ బయటి ఎముక మీద నల్లగా, మందంగా అట్టలు కట్టింది. పిల్ల పెళ్లి దగ్గర పడుతోందని రోజూ రాయితో అరగదీస్తోంది, అది ఇంకా నల్లబడుతోంది. గచ్చు మీద సక్లంముక్లం పెట్టుకుని గంటల తరబడి కూర్చునే పని ఆమెది, ఆ ఎముక నేలకు ఆనుతుంది. రాయి మాన్పించి, పాత దుప్పటి మడిచి కాళ్ల కింద వేసుకోమన్నాం, యూరియా క్రీము ఇచ్చాం. మందం తగ్గింది, నలుపు మాత్రం పూర్తిగా పోలేదు. నమాజు చేసేవాళ్లకు, కింద కూర్చుని మిషను పని చేసేవాళ్లకు కూడా ఇలాంటివి వస్తాయి. జనవరిలో అయ్యప్ప దీక్ష ముగించుకున్న స్వాములు వస్తారు, నలభై ఒక్క రోజులు ఉత్త కాళ్లతో తిరిగినవాళ్లకు అరికాలంతా కాయే. వాళ్లకు పెద్ద వైద్యం అక్కర్లేదు, చెప్పులు మళ్లీ వేసుకుని క్రీము రాసుకుంటే చర్మం దానంతటదే పలచబడుతుంది. షుగర్ ఉండి దీక్ష తీసుకునేవాళ్లు మాత్రం మాల వేసుకునే ముందే డాక్టరుకు కాళ్లు చూపించుకోవాలి.

ఇక అమ్మగారి విషయం.

షుగర్ ఏళ్ల తరబడి ఉంటే కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ మెల్లగా పోతుంది. నొప్పి తెలియదు కాబట్టి పేషెంటుకు అంతా బాగున్నట్టే ఉంటుంది. అక్కడ కాయ అంటే అర్థం మారిపోతుంది. గట్టి కాయ చెప్పులో ఇరుక్కున్న గులకరాయి చేసే పనే చేస్తుంది, అడుగడుగునా కింద ఉన్న కండను నొక్కుతుంది. లోపల రక్తం చిమ్మి, కాయ కింద నల్లగానో ముదురు ఎరుపుగానో మచ్చ కనబడుతుంది. అలాంటి కాయను చెక్కితే చాలాసార్లు కింద పుండు బయటపడుతుంది.

పోయిన వర్షాకాలంలో ఒక పత్తి రైతును భార్య తీసుకొచ్చింది. బొటనవేలి కింద కాయ, దాన్ని ఇంట్లో బ్లేడుతో ఆమే తీసిందట. ఆయనకు నొప్పి లేదు, నడుచుకుంటూనే వచ్చాడు. సాక్సు తీస్తే వాసన. చీము ఎముక దాకా పోయి ఉంది. ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. ఆమె ప్రేమతోనే చేసింది, మీరూ మీ అమ్మగారికి అలాగే చేయాలనుకుంటున్నారు. అందుకే ఇంత చెప్తున్నాను.

ఈ సంగతి మొదట బాగా అర్థమైంది కుష్ఠు రోగుల పాదాల దగ్గర. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సిఎంసీ) వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్, వాళ్ల వేళ్లు, పాదాలు పాడవడానికి కుళ్లిపోయే మాంసం కారణం కాదని, స్పర్శ లేని కాలి మీద పదే పదే పడే ఒత్తిడి, గాయాలే అసలు కారణమని చూపించారు. ఈ రోజు షుగర్ పేషెంట్లకు రాసిచ్చే మెత్తటి ఎంసీఆర్ చెప్పుల మూలం కూడా ఆ పనిలోనే ఉంది. మైక్రో సెల్యులర్ రబ్బరుతో చేసే ఆ చెప్పులు కాలి ఒత్తిడిని పాదమంతా పంచుతాయి.

స్పర్శ ఉందో లేదో ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు, ఏ సామానూ అక్కర్లేదు. అమ్మను పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. తాకినప్పుడు కుడో ఎడమో చెప్పమనండి. మీ చూపుడువేలి కొనతో, ఈక తాకినంత తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు మాత్రమే, ఈ వరుసలో వేలి కొనలు తాకండి: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు. నొక్కకూడదు, గుచ్చకూడదు, చెప్పలేకపోతే మళ్లీ తాకి చూడకూడదు. ఆరింటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ తప్పితే స్పర్శ తగ్గినట్టే, వెంటనే పాదాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అన్నీ సరిగ్గా చెప్పినా సంబరపడి రాయి పట్టుకోకండి. ఏడాదికోసారి క్లినిక్‌లో సన్నని నైలాన్ తీగతో స్పర్శ, పాదం మీద నాడి చూపించుకోవాలి. కాళ్లకు రక్తం సరిగ్గా అందకపోతే చిన్న గీత కూడా మానదు.

నీళ్లలో ఎందుకు నానబెట్టకూడదంటే, ఒకటి వేడి తెలియదు. కాళ్లు లాగుతున్నాయని మరిగిన నీళ్లలో పెట్టుకుని చర్మం ఊడొచ్చేదాకా కదలని పెద్దమ్మలను చూశాను. రెండు, నానిన వేళ్ల సందుల్లో చర్మం చిట్లి క్రిములకు దారి దొరుకుతుంది. ఆమె కాళ్లు కడుక్కునే నీళ్లను కూడా ముందు మీ మోచేత్తో చూడండి. కడిగాక వేళ్ల మధ్య మెత్తటి గుడ్డతో ఆరేలా తుడవండి. 10 శాతం యూరియా క్రీము పాదం పైనా కిందా రాయండి, సందుల్లో వదిలేయండి. రోజూ రాత్రి అరికాళ్లు ఒకసారి చూడండి. ఆమె ఒక్కరే ఉంటే కింద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. కాయలుంటే రెండు మూడు నెలలకోసారి క్లినిక్‌లో చెక్కించుకోవాలి, నొప్పి ఉండదు.

ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగనివ్వకండి. ఇది ఒప్పించడం కష్టమని తెలుసు, వంటింట్లోకి చెప్పులేమిటంటారు. ఇంట్లోకి విడిగా ఒక మెత్తటి జత కొని, ఇవి బయటికి వేసుకోనివి అని చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. ఎండాకాలం గుడి ప్రాంగణాల్లో బండలు కాలిపోతుంటాయి, స్పర్శ లేని కాలికి బొబ్బ లేచాక గానీ తెలియదు. తెల్లవారుజాము దర్శనానికి తీసుకెళ్లండి, సాక్సులు వేయండి.

పాదం ఎర్రబడినా, వేడిగా ఉన్నా, వాచినా, చీము, వాసన, నల్లటి మచ్చ ఏది కనబడినా మరుసటి రోజుకు వాయిదా వేయొద్దు. ఈ మాట మీకూ వర్తిస్తుంది. మీ మడమ పగులు చుట్టూ ఎరుపు పైకి పాకుతూ జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి.

పార్లరు మానలేకపోతే మీ రాయి, పాదాలు రుద్దే మీ ఫైలు మీరే తీసుకెళ్లండి. బ్లేడు తీస్తే వద్దని చెప్పండి. కాళ్ల మీద వెంట్రుకలు ఆ రోజో ముందు రోజో షేవ్ చేసుకుని వెళ్లకండి. 2000లో కాలిఫోర్నియాలోని ఒక సెలూన్‌లో సరిగ్గా శుభ్రం చేయని నీటి టబ్బుల వల్ల వందమందికి పైగా కాళ్ల మీద మానని సెగ్గడ్డలు వచ్చాయి. కారణం ఆ నీళ్లలో చేరిన ఒక మైకోబాక్టీరియా, ముందే షేవ్ చేసుకున్న ఆడవాళ్లకు ఎక్కువగా సోకింది. చేపలతో కొరికించుకునే టబ్బుల గురించి వేరే చెప్పక్కర్లేదు. సాక్సుల్లా తొడుక్కునే పీలింగ్ మాస్కులు మీలాంటి షుగర్ లేని, పగుళ్లు లేని కాళ్లకు అప్పుడప్పుడు ఫర్వాలేదు. దాదాపు వారం తర్వాత పొరలు పొరలుగా ఊడి చూడ్డానికి బాగుండదు, పెళ్లికి నాలుగు రోజుల ముందు మాత్రం వేసుకోకండి.

చివరగా మీ బొటనవేలి కింద కాయ. స్కూలుకు వేసుకెళ్లే చెప్పులు తిప్పి చూడండి, అట్ట ఏ వైపు అరిగిందో. మడమ ఎత్తు తక్కువ ఉండి, ముందు భాగం వెడల్పుగా, వెనక పట్టీ ఉన్న జత సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. అందులో వెళ్తూ, క్రీము రోజూ రాస్తూ రెండు నెలలైనా కాయ అలాగే ఉండి నొప్పి పెడుతుంటే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి, వేలి ఎముక వంపు ఏమైనా ఉందేమో వాళ్లు చూస్తారు.